అలీన, తటస్థ దేశాలు – అణ్వస్త్ర వ్యాప్తి నిరోధం

అణుబాంబు చేతపట్టిన దేశాల సంఖ్య పెరగకుండా చూడటానికీ, ఉన్న బాంబులను తగ్గించడానికీ 1950ల నుంచి సాగుతున్న అంతర్జాతీయ ప్రయత్నమే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధం. ఈ చరిత్రను ఎక్కువగా అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య బేరసారాల కథగానే చెబుతుంటారు. కానీ అందులోని కీలకమైన ఆలోచనలు చాలావరకు బాంబు లేని, ఏ కూటమిలోనూ చేరని దేశాల నుంచి వచ్చాయి. పరీక్షలు ఆపమన్న తొలి పిలుపుల్లో ఒకటి భారత్‌ది. వ్యాప్తిని ఒప్పందంతో కట్టడి చేయాలన్న ప్రతిపాదన ఐర్లండ్‌ది. లాటిన్ అమెరికా మొత్తాన్ని బాంబు లేని ప్రాంతంగా ప్రకటింపజేసిన ఘనత మెక్సికోది. ‘మేం బాంబు వద్దనుకుంటే, బాంబు ఉన్న మీరు కూడా వదులుకునే దారి పట్టాలి’ అన్న షరతును ఒప్పందంలోకి ఎక్కించడానికి పట్టుబట్టినవి ఎనిమిది అలీన, తటస్థ దేశాలు.

వాటిలో అన్నిటికన్నా గట్టిగా మాట్లాడిన భారతదేశమే చివరికి ఆ ఒప్పందంపై సంతకం పెట్టలేదు. ఈ వైరుధ్యానికి ఆనవాళ్లు తెలుగు నేల మీదా ఉన్నాయి. ఖమ్మం జిల్లా తల్లాడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరి, పాల్వంచ, సారపాక దాటి మణుగూరు దారి పడితే అశ్వాపురం మండలంలో, గోదావరి తీరాన భారజల కర్మాగారం వస్తుంది. ఆ చుట్టుపక్కల జనం నోట అది ‘హెవీ వాటర్ ప్లాంటు’. హైదరాబాద్‌లో అణు ఇంధనం తయారవుతుంది. కడప జిల్లాలో యురేనియం తవ్వుతారు. జెనీవాలో, వియన్నాలో, ఢిల్లీలో జరిగిన వాదనలకు ఈ ఊళ్లతో నేరుగా సంబంధం ఉంది.

తటస్థత వేరు, అలీనత వేరు

ఈ రెండు మాటలనూ వార్తల్లో కలిపి వాడేస్తుంటారు గానీ అర్థాలు వేరు. యుద్ధం వస్తే ఏ పక్షానా చేరబోమని ప్రకటించుకోవడం తటస్థత. స్విట్జర్లాండ్, స్వీడన్, ఆస్ట్రియా, ఫిన్లాండ్, ఐర్లండ్ ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఈ దారి పట్టాయి. 1955 అక్టోబర్‌లో ఆస్ట్రియా తన తటస్థతను రాజ్యాంగ చట్టంగానే రాసుకుంది. రెండేళ్లకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) వియన్నాను కేంద్రంగా ఎంచుకుంది.

అలీనత అలా ఊరకుండిపోవడం కాదు. కూటమిలో చేరరు, కానీ ప్రతి సమస్య మీదా తమ మాట చెబుతారు. వలసపాలన నుంచి బయటపడిన ఆసియా, ఆఫ్రికా దేశాలకు ఇది విదేశాంగ విధానమే కాదు, ఆత్మగౌరవ ప్రకటన కూడా. అణు విషయంలో ఈ రెండు గుంపులూ చాలాసార్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. కొన్నిసార్లు ఎదురెదురుగానూ నిలబడ్డాయి.

ఐఏఈఏ సారథుల జాబితా చూస్తే ఈ దేశాల పాత్ర కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1961 నుంచి 1981 దాకా స్వీడన్‌కు చెందిన సిగ్వార్డ్ ఎక్లండ్, 1981 నుంచి 1997 దాకా అదే దేశానికి చెందిన హాన్స్ బ్లిక్స్, 1997 నుంచి 2009 దాకా ఈజిప్టుకు చెందిన మొహమ్మద్ ఎల్‌బరాదీ. అంటే 48 ఏళ్ల పాటు ప్రపంచ అణు తనిఖీల పెత్తనం తటస్థ, అలీన దేశాల వారి చేతుల్లోనే నడిచింది.

నెహ్రూ పిలుపు, ఐర్లండ్ తీర్మానం

1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవి దగ్గర అమెరికా భారీ హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దాని బూడిద జపాన్‌కు చెందిన ‘లక్కీ డ్రాగన్’ అనే చేపల పడవ మీద పడింది. పడవలోని జాలర్లు రేడియేషన్‌తో జబ్బుపడ్డారు. నెల తిరగ్గానే, ఏప్రిల్ 2న, జవహర్‌లాల్ నెహ్రూ లోక్‌సభలో మాట్లాడుతూ నిరాయుధీకరణ ఒప్పందం కుదిరేదాకా ఆగకుండా ముందు పరీక్షలనైనా నిలిపివేయాలని ప్రతిపాదించారు. అణు పేలుళ్ల వల్ల కలిగే హాని ఏమిటో శాస్త్రీయంగా తేల్చే పనిని శాస్త్రవేత్త డి.ఎస్. కొఠారీకి అప్పగించారు. ఆ అధ్యయనం 1956లో పుస్తకంగా వెలువడింది. 1955 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో కలిసిన ఆసియా, ఆఫ్రికా దేశాలు కూడా అణ్వస్త్రాల నిషేధం కోరాయి.

ఇక ఐర్లండ్ విదేశాంగ మంత్రి ఫ్రాంక్ ఐకెన్ 1958లో ఐక్యరాజ్యసమితిలో ఒక ముసాయిదా పెట్టారు. బాంబు ఉన్నవారు ఇతరులకు ఇవ్వకూడదు, లేనివారు తయారు చేసుకోకూడదు అన్నది దాని సారం. మొదటిసారి పెద్దగా స్పందన రాలేదు. ఆయన వదల్లేదు. ఏటా అదే విషయాన్ని మళ్లీ మళ్లీ తెచ్చారు. 1961 డిసెంబర్ 4న సర్వప్రతినిధి సభ దాన్ని 1665వ తీర్మానంగా ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ తర్వాత ఏడేళ్లకు వచ్చిన వ్యాప్తి నిరోధక ఒప్పందానికి ఇదే విత్తనం.

అదే ఏడాది సెప్టెంబర్ 1న బెల్‌గ్రేడ్‌లో 25 దేశాలతో అలీనోద్యమ తొలి శిఖరాగ్ర సదస్సు మొదలైంది. సరిగ్గా అప్పుడే సోవియట్ యూనియన్ మూడేళ్ల విరామం తర్వాత అణుపరీక్షలు మళ్లీ మొదలుపెట్టింది. సదస్సు ఇద్దరు పెద్దలకూ లేఖలు రాసి ఊరుకోలేదు, మనుషులనే పంపింది. నెహ్రూ, ఘనా అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా మాస్కో వెళ్లి కృశ్చేవ్‌ను కలిశారు. ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో, మాలి అధ్యక్షుడు మోదిబో కీటా వాషింగ్టన్‌లో కెన్నెడీని కలిశారు. పరీక్షలు వెంటనే ఆగలేదు. కానీ మూడో పక్షం ఒకటుందని రెండు రాజధానులకూ తెలిసొచ్చింది.

జెనీవాలో ఎనిమిది కుర్చీలు

1962 మార్చి 14న జెనీవాలో 18 దేశాల నిరాయుధీకరణ సంఘం సమావేశమైంది. పశ్చిమ కూటమికి అయిదు కుర్చీలు, సోవియట్ కూటమికి అయిదు. మిగిలిన ఎనిమిది బ్రెజిల్, బర్మా, ఇథియోపియా, భారత్, మెక్సికో, నైజీరియా, స్వీడన్, ఐక్య అరబ్ గణతంత్రం (ఈజిప్టు) లవి. ఫ్రాన్స్ తన కుర్చీలో కూర్చోనే లేదు.

పరీక్షల నిషేధం మీద రెండు కూటముల మధ్య తగాదా ఒకచోట బిగుసుకుపోయింది. నేల కింద జరిగేది భూకంపమా, అణు పేలుడా అని తేల్చడానికి లోపలికి వచ్చి చూడాలంటుంది అమెరికా. అది గూఢచర్యం అంటుంది రష్యా. ఎనిమిది దేశాలు ఏప్రిల్ 16న ఉమ్మడి పత్రం ఇచ్చాయి. ప్రపంచవ్యాప్త పరిశీలన కేంద్రాలు నమోదు చేసిన సమాచారాన్ని తటస్థ శాస్త్రవేత్తల సంఘం పరిశీలించాలని సూచించాయి. అది యథాతథంగా అమలు కాలేదు. 1963 ఆగస్టు 5న కుదిరిన పాక్షిక నిషేధ ఒప్పందం భూగర్భ పరీక్షలను పక్కనబెట్టి, గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలను మాత్రమే ఆపింది. ఆగస్టు 8న సంతకాలకు తెరవగానే భారత్ సంతకం చేసింది.

ఆ తర్వాతి అంకాన్ని మార్చింది చైనా. 1964 అక్టోబర్ మొదటివారంలో కైరోలో రెండో అలీన సదస్సు జరుగుతోంది. పరీక్ష వద్దని నచ్చజెప్పడానికి చైనాకు ఒక బృందాన్ని పంపుదామని లాల్‌బహదూర్ శాస్త్రి అక్కడ ప్రతిపాదించారు. మిగతావాళ్లు ఉత్సాహం చూపలేదు. సదస్సు ముగిసిన వారం లోపే, అక్టోబర్ 16న, చైనా తొలి అణుబాంబు పేల్చింది. చైనాతో జరిగిన 1962 యుద్ధ గాయం ఇంకా మానని భారత్‌కు అలీనత వేరు, భద్రత వేరు అన్న ఆలోచన అప్పుడు మొదలైంది.

అయినా జెనీవాలో ఎనిమిది దేశాలు ఒకే గొంతుతో మాట్లాడాయి. వాటి చొరవతో 1965 నవంబర్ 19న సర్వప్రతినిధి సభ 2028వ తీర్మానం చేసింది. రాబోయే ఒప్పందం అయిదు సూత్రాల మీద నిలవాలంది. దొడ్డిదారిన ఎవరూ బాంబు సంపాదించే లొసుగులు ఉండకూడదు. బాంబు ఉన్నవారికీ లేనివారికీ బాధ్యతలు సమతూకంగా ఉండాలి. ఒప్పందం సంపూర్ణ నిరాయుధీకరణకు మెట్టు కావాలి. అది అమలయ్యేలా ఏర్పాట్లుండాలి. ప్రాంతాల వారీ నిషేధాలకు అడ్డు రాకూడదు. అణు చర్చల్లో ఈరోజుకీ వినబడే ‘సమతూకం’ అన్న మాటకు మూలం ఈ రెండో సూత్రమే.

సంతకం పెట్టినవారు, పెట్టనివారు

1968 జులై 1న అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ) సంతకాలకు వచ్చింది. 1970 మార్చి 5న అమల్లోకి వచ్చింది. 1967 జనవరి 1కి ముందు పేల్చినవారే అణ్వస్త్ర దేశాలు, మిగతావారెవరూ తయారు చేసుకోరాదు. బదులుగా వారికి శాంతియుత అణు పరిజ్ఞానం అందుతుంది. మెక్సికో తదితర దేశాల పట్టుదల వల్ల ఆరో అధికరణం చేరింది. ఆయుధ పోటీని ఆపడానికీ, నిరాయుధీకరణకూ చిత్తశుద్ధితో చర్చలు జరపాలన్నది అందులోని మాట. గడువు మాత్రం లేదు.

ఆ గడువు లేకపోవడమే భారత్ అభ్యంతరం. అయిదుగురికి లైసెన్సు, మిగతా ప్రపంచానికి తాళం అంటే వివక్ష అని ఢిల్లీ వాదించింది. 1968 జూన్‌లో సర్వప్రతినిధి సభ ఒప్పందాన్ని 95 ఓట్లతో ఆమోదించినప్పుడు వ్యతిరేకించినవి నాలుగే: అల్బేనియా, క్యూబా, టాంజానియా, జాంబియా. ఓటింగ్‌కు దూరంగా ఉన్న 21 దేశాల్లో భారత్ ఒకటి.

మిగతా అలీన, తటస్థ దేశాలు ఒక్కొక్కటీ తమ లెక్కలు చూసుకున్నాయి. యుగోస్లావియా త్వరగా చేరింది. ఈజిప్టు 1968లోనే సంతకం చేసినా ధ్రువీకరణ 1981 దాకా ఆపింది. బ్రెజిల్ 1998లో గానీ రాలేదు. అలీనోద్యమానికి ఎన్‌పీటీ మీద ఒకే మాట ఎప్పుడూ లేదు. నిరాయుధీకరణ కోరడంలో ఒక్కటే, సంతకం దగ్గరకొచ్చేసరికి ఎవరి దారి వారిది.

భారజలం చెప్పే కథ

ఈ చరిత్రను దగ్గరగా చూడాలంటే ఒక చెంబెడు నీళ్లు చాలు. మామూలు నీటిలో దాదాపు 6,700 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి బరువైనది ఉంటుంది. దాని పేరు డ్యుటీరియం. అదొక్కటే ఉన్న నీరు భారజలం. చూడటానికి మామూలు నీళ్లలాగే ఉంటుంది గానీ 11 శాతం బరువెక్కువ. దాదాపు 4 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. అణు రియాక్టర్‌లో న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది, వాటిని మింగేయదు. అందువల్ల యురేనియాన్ని సుసంపన్నం (ఎన్‌రిచ్) చేయాల్సిన పని లేకుండా, తవ్వి తీసిన సహజ యురేనియంతోనే రియాక్టర్ నడుస్తుంది. సుసంపన్న కర్మాగారం లేని దేశానికి ఇది వరం. అదే రియాక్టర్‌లో వాడిన ఇంధనం నుంచి ప్లుటోనియం తీయవచ్చు. ప్లుటోనియం బాంబుకు ముడిసరుకు. అందుకే వ్యాప్తి నిరోధక నిబంధనల్లో భారజలం మీద మొదటి నుంచీ గట్టి నిఘా.

తటస్థ స్వీడన్ సరిగ్గా ఇదే దారిలో నడిచింది. సొంత యురేనియం, భారజలం కలిపి రియాక్టర్లు కట్టాలనుకుంది. ఒక దశలో బాంబు తయారీ మీద అక్కడ పెద్ద పరిశోధనే సాగింది. నిరాయుధీకరణ దౌత్యవేత్త ఆల్వా మిర్దాల్ వంటివారు దాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. చివరికి స్వీడన్ 1968లో ఎన్‌పీటీపై సంతకం చేసింది. కట్టి సిద్ధం చేసిన మార్వికెన్ భారజల రియాక్టర్‌ను అసలు నడపకుండానే 1970లో మానుకుంది. స్విట్జర్లాండ్‌లో కూడా బాంబు మీద అధ్యయన సంఘం చాలాకాలం పనిచేసింది. భారజలంతో నడిచే లూసెన్స్ ప్రయోగ రియాక్టర్ 1969 జనవరిలో ప్రమాదానికి గురై మూతపడింది. స్విట్జర్లాండ్ 1977లో ఎన్‌పీటీని ధ్రువీకరించింది.

భారత్ దారి వేరు. ట్రాంబేలోని సైరస్ రియాక్టర్‌ను కెనడా ఇచ్చింది, అందులో పోసే భారజలాన్ని అమెరికా ఇచ్చింది. శాంతియుత ప్రయోజనాలకే వాడతామన్నది షరతు. 1960లో అది పనిచేయడం మొదలుపెట్టింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేల్చిన పరికరానికి ప్లుటోనియం అక్కడి నుంచే వచ్చింది. భారత్ దాన్ని ‘శాంతియుత పేలుడు’ అంది. కెనడా సహకారం తెంచుకుంది. సరఫరా చేసే దేశాలు ఒక బృందంగా ఏర్పడి ఎగుమతులకు నిబంధనలు పెట్టుకున్నాయి. అదే తర్వాత అణు సరఫరాదారుల బృందం (ఎన్‌ఎస్‌జీ) అయింది. 1978లో అమెరికా చేసిన చట్టంతో తారాపూర్ ఇంధనం మీదా పేచీ మొదలైంది.

అశ్వాపురంలోని మణుగూరు ప్లాంటు ఆ ఒంటరితనంలోంచి పుట్టింది. బయటి నుంచి భారజలం రాదని తేలిపోయాక సొంతంగా తయారు చేసుకోవాల్సిందే. రాజస్థాన్‌లోని కోటాలో దేశీయ పరిజ్ఞానంతో నిలబెట్టిన పద్ధతినే ఇక్కడ పెద్ద ఎత్తున అమలు చేశారు. ఏటా 185 టన్నుల సామర్థ్యంతో ఇది 1991లో ఉత్పత్తికి వచ్చింది. స్థలం ఎంపికలో లెక్క సులభం. నీటికి గోదావరి పక్కనే ఉంది, ఆవిరికీ కరెంటుకూ సింగరేణి బొగ్గు చేతికందే దూరంలో ఉంది.

లోపల జరిగేది ఓపికతో కూడిన వడపోత. పొడవాటి స్తంభాల్లో పైనుంచి నీరు జారుతుంది, కిందినుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైకి లేస్తుంది. 30 డిగ్రీల దగ్గర డ్యుటీరియం వాయువును వదిలి నీటిలోకి చేరుతుంది. 130 డిగ్రీల దగ్గర నీటిని వదిలి వాయువులోకి పోతుంది. ఈ చల్లని, వేడి స్తంభాల మధ్య దశలవారీగా తిప్పుతూ పోతే డ్యుటీరియం కొంచెం కొంచెంగా చిక్కబడుతుంది. చివరికి శూన్యంలో స్వేదనం చేసి 99.8 శాతం స్వచ్ఛతకు తెస్తారు. ఒక్క టన్ను భారజలానికి వేల టన్నుల గోదావరి నీరు ఆ స్తంభాల గుండా పోవాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఆ వాయువు ప్రాణాంతకం. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. కాబట్టి ముక్కును నమ్ముకోవడం కుదరదు, పరికరాలే కాపలా కాయాలి.

ఆంక్షలు పెట్టినవారు ఊహించని ఫలితం ఒకటుంది. ఒకప్పుడు భారజలం కోసం చేయి చాచిన భారత్ తర్వాత దక్షిణ కొరియాకూ, అమెరికాకూ దాన్ని ఎగుమతి చేసే స్థాయికి చేరింది.

ప్రాంతాల వారీ గీతలు

అలీన, లాటిన్ అమెరికా దేశాల పనుల్లో నికరంగా నిలబడింది అణ్వస్త్ర రహిత ప్రాంతాల ఏర్పాటు. 1962 క్యూబా క్షిపణి సంక్షోభం చూసి బెదిరిన లాటిన్ అమెరికా దేశాలు 1967 ఫిబ్రవరి 14న మెక్సికో నగరంలో ట్లాటెలోల్కో ఒప్పందం చేసుకున్నాయి. దాని వెనకున్న అల్ఫోన్సో గార్సియా రోబ్లెస్‌కు 1982లో ఆల్వా మిర్దాల్‌తో కలిపి నోబెల్ శాంతి బహుమతి దక్కింది. ఒకరు మెక్సికో, ఒకరు తటస్థ స్వీడన్. ఇద్దరూ జెనీవాలోని ఆ ఎనిమిది కుర్చీల నుంచే వచ్చినవారు.

1960లో ఫ్రాన్స్ సహారా ఎడారిలో బాంబు పేల్చడంతో ఆఫ్రికాలో ఆగ్రహం రగిలింది. 1964లో కైరోలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఖండాన్ని అణ్వస్త్ర రహితంగా ఉంచాలని ప్రకటించింది. అది ఒప్పందం కావడానికి 1996 దాకా, అమలు కావడానికి 2009 దాకా పట్టింది. మధ్యలో దక్షిణాఫ్రికా అడ్డం. వర్ణవివక్ష ప్రభుత్వం ఆరు బాంబులు రహస్యంగా చేసి, తానే విప్పేసి, 1991లో ఎన్‌పీటీలో చేరింది. ఆ సంగతిని 1993లో అధ్యక్షుడు డి క్లర్క్ బయటపెట్టారు. మరుసటి ఏడాది మండేలా దక్షిణాఫ్రికా అలీనోద్యమంలో సభ్యురాలైంది. చేసుకున్న బాంబును తానే విప్పేసిన దేశంగా ఆ తర్వాతి చర్చల్లో దాని మాటకు బరువొచ్చింది.

ఢిల్లీ పిలుపులు, పీవీ రోజులు

1983 మార్చిలో ఢిల్లీలో ఏడో అలీన శిఖరాగ్రం జరిగినప్పుడు విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన ఈ బహుభాషావేత్తకు ఆ తర్వాత దేశపు అణు విధానంలో అత్యంత గుట్టైన ఘట్టం రాసిపెట్టి ఉంది. మరుసటి ఏడాది భారత్, అర్జెంటీనా, గ్రీస్, మెక్సికో, స్వీడన్, టాంజానియా కలిసి ‘ఆరు దేశాల చొరవ’ మొదలుపెట్టాయి. 1985 జనవరి 28న ఢిల్లీ ప్రకటన, 1986 ఆగస్టులో మెక్సికోలోని ఇక్స్‌తాపాలో రెండో సమావేశం. పరీక్షలు ఆపితే తనిఖీలకు మేం సాయపడతామని ఆరు దేశాలూ ముందుకొచ్చాయి. 1988 జూన్ 9న రాజీవ్ గాంధీ ఐరాసలో మూడు దశల ప్రణాళిక పెట్టారు. 2010 నాటికి ప్రపంచంలో ఒక్క అణ్వస్త్రం కూడా మిగలకూడదన్నది దాని లక్ష్యం. అగ్రరాజ్యాలు మర్యాదగా విని పక్కనబెట్టాయి.

1991 జూన్‌లో పీవీ ప్రధాని అయ్యారు. మణుగూరు ప్లాంటు ఉత్పత్తికి వచ్చిందీ, సోవియట్ యూనియన్ కుప్పకూలిందీ అదే ఏడాది. రెండు కూటముల్లో ఒకటి మాయమైతే అలీనత అనే మాటకే అర్థం మారిపోతుంది. 1995 మేలో ఎన్‌పీటీని శాశ్వతం చేశారు. ఆ సదస్సుకు అధ్యక్షత వహించింది అలీన శ్రీలంకకు చెందిన జయంత ధనపాల. దారి చూపింది దక్షిణాఫ్రికా. శాశ్వత పొడిగింపు మీద అలీన దేశాల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. అంటే, ఆరో అధికరణం అమలు చేయించే బేరం చేతిలో ఉండగానే చాలా అలీన దేశాలు దాన్ని వదులుకున్నాయి. తలుపు శాశ్వతంగా మూసుకుపోతోందని ఢిల్లీకి అర్థమైంది. అదే ఏడాది చివర్లో పోఖ్రాన్‌లో పరీక్ష సన్నాహాలు సాగాయి. అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, డిసెంబర్‌లో పత్రికల్లో వార్త వచ్చింది, పీవీ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2004లో పీవీ కన్నుమూశాక వాజ్‌పేయి ఒక సంగతి చెప్పారు. 1996లో అధికారం అప్పగిస్తూ, అంతా సిద్ధంగా ఉందన్న కబురు తనకు అందించింది పీవీయేనని.

కోర్టుకెక్కిన బాంబు, కాదన్న సంతకం

అణ్వస్త్రాల వాడకం చట్టబద్ధమేనా అని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడగాలన్న తీర్మానాన్ని 1994లో అలీనోద్యమం తరఫున ఇండోనేషియా ఐరాసకు తెచ్చింది. 1996 జులై 8న అభిప్రాయం వచ్చింది. వాడకం సాధారణంగా అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమేనని 7–7తో సమానంగా చీలిన ధర్మాసనం, అల్జీరియాకు చెందిన అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో చెప్పింది. దేశం ఉనికికే ముప్పు వచ్చినప్పుడు ఎలా అన్నది మాత్రం తేల్చలేకపోయింది. నిరాయుధీకరణ చర్చలు జరపడమే కాదు, వాటిని ముగించాల్సిన బాధ్యత కూడా ఉందన్న మాటను న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

అదే వేసవిలో జెనీవాలో సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందానికి భారత్ అడ్డుపడింది. 1954లో నెహ్రూ అడిగిన దానికి ఇది చట్టరూపం. దాన్ని కాదన్నది కూడా భారతే. గడువు లేని నిరాయుధీకరణ కంటితుడుపు అని రాయబారి అరుంధతీ ఘోష్ వాదించారు. సెప్టెంబర్ 10న సర్వప్రతినిధి సభలో 158 దేశాలు అవునంటే, కాదన్నవి మూడు: భారత్, భూటాన్, లిబియా. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్ మళ్లీ దద్దరిల్లింది. నెలాఖరులో పాకిస్తాన్ జవాబిచ్చింది. 2006లో ఉత్తర కొరియా వంతు వచ్చింది. ఈ మూడూ అలీనోద్యమ సభ్య దేశాలే. బాంబును నిషేధించాలని నాలుగు దశాబ్దాలు తీర్మానాలు చేసిన ఉద్యమంలోంచే మూడు కొత్త అణ్వస్త్ర దేశాలు తేలాయి.

భారత్, పాకిస్తాన్ పరీక్షలకు జవాబూ ఈ వర్గం నుంచే వచ్చింది. 1998 జూన్‌లో ఐర్లండ్, స్వీడన్, మెక్సికో, బ్రెజిల్, ఈజిప్టు, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, స్లొవేనియా ‘కొత్త కార్యక్రమ కూటమి’గా ఏర్పడి అణ్వస్త్ర దేశాలన్నిటినీ నిలదీశాయి. 2000 సమీక్షా సదస్సులో నిరాయుధీకరణకు 13 ఆచరణ మెట్లు రాయించడంలో వాటి చేయి ఉంది.

2008: తటస్థుల అడ్డంకి

2005లో కుదిరిన భారత్–అమెరికా అణు అవగాహన అమలు కావాలంటే ఎన్‌ఎస్‌జీలోని 45 దేశాలూ ఒప్పుకోవాలి. 2008 సెప్టెంబర్ మొదటివారంలో వియన్నాలో చివరిదాకా నిలిచి అడ్డుచెప్పినవి పెద్ద దేశాలు కావు. ఆస్ట్రియా, ఐర్లండ్, న్యూజిలాండ్. ఎన్‌పీటీలో చేరని దేశానికి మినహాయింపు ఇస్తే, చేరినవాళ్లం మూర్ఖులమా అన్నది వాటి ప్రశ్న. పరీక్షలు స్వచ్ఛందంగా ఆపుతామని భారత్ మరోసారి ప్రకటించాక సెప్టెంబర్ 6న మినహాయింపు వచ్చింది. 1958లో ఈ నియమాన్ని కనిపెట్టిన ఐర్లండ్, యాభై ఏళ్ల తర్వాత ఆ నియమం నుంచి భారత్‌ను మినహాయించే పత్రానికి తలూపాల్సి వచ్చింది.

మినహాయింపుకు బదులుగా భారత్ తన అణు కేంద్రాలను పౌర, సైనిక విభాగాలుగా వేరుచేసింది. 1971లో హైదరాబాద్‌లో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లోని కొన్ని విభాగాలు పౌర జాబితాలోకి వచ్చి, ఐఏఈఏ తనిఖీ కింద చేరాయి. ఒకే ప్రాంగణంలో తనిఖీ ఉన్న విభాగాలూ, లేని విభాగాలూ ఉన్నాయి.

నిషేధ ఒప్పందం, ఆ తర్వాత

ఆరో అధికరణం కదలకపోవడంతో ఆస్ట్రియా, మెక్సికో, ఐర్లండ్, దక్షిణాఫ్రికా, బ్రెజిల్, నైజీరియా కొత్త దారి పట్టాయి. బాంబు మనుషుల మీద ఏం చేస్తుందన్న ప్రశ్నతో 2013లో ఓస్లో, 2014లో మెక్సికోలోని నయారిట్, ఆపై వియన్నా సదస్సులు జరిగాయి. 2017 జులై 7న 122 దేశాల ఓటుతో అణ్వస్త్ర నిషేధ ఒప్పందం పుట్టింది. ఆ చర్చలకు అధ్యక్షురాలు కోస్టారికాకు చెందిన ఎలైన్ వైట్ గోమెజ్. 2021 జనవరి 22న అది అమల్లోకి వచ్చింది. బాంబు ఉన్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ చర్చలకు రాలేదు, భారత్ కూడా వెళ్లలేదు.

తటస్థుల్లోనూ చీలిక వచ్చింది. స్వీడన్, స్విట్జర్లాండ్ అనుకూలంగా ఓటేసి కూడా సంతకం చేయలేదు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత 2023 ఏప్రిల్‌లో ఫిన్లాండ్, 2024 మార్చిలో స్వీడన్ నాటో కూటమిలో చేరాయి. ఆల్వా మిర్దాల్ దేశం అణు గొడుగు కిందికి వెళ్లింది. జెనీవాలో కూర్చున్న ఎనిమిది దేశాల్లో ఒకటి తటస్థతను వదిలేసింది, ఒకటి బాంబు చేసుకుంది.

అంచనా

అలీన, తటస్థ దేశాలు బాంబును ఆపలేకపోయాయి. కానీ బాంబు ఉండటం మామూలే అన్న భావన స్థిరపడకుండా అడ్డుకున్నాయి. పరీక్షల నిషేధం, అణ్వస్త్ర రహిత ప్రాంతాలు, న్యాయస్థానం అభిప్రాయం, నిషేధ ఒప్పందం, వీటిలో ఏ ఒక్కదాన్నీ అగ్రరాజ్యాలు తమంతట తాము తేలేదు. అలీన, తటస్థ దేశాల బలహీనత కూడా అక్కడే ఉంది. ఎదుటివారికి చెప్పిన సమతూకాన్ని సొంత భద్రత దగ్గర అన్నీ పాటించలేదు. భారత్ వాదన తర్కంగా గట్టిదే. 1968లో అది వివక్ష అన్న ఒప్పందం ఇప్పటికీ వివక్షగానే ఉంది. అదే సమయంలో ఆ వాదనే బాంబుకు దారి కూడా అయింది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం ఇప్పుడు విదేశాంగ విధానంగా కాక నేల, నీరుగా ముందుకొస్తోంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని, శుద్ధి కర్మాగారం నడుస్తున్నాయి. నల్లమలలో యురేనియం అన్వేషణకు చెంచులు, పర్యావరణవాదులు అడ్డుతిరిగాక 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది.

ఇక మణుగూరు. పౌర, సైనిక విభజన పత్రంలో భారత్ మూడు భారజల కర్మాగారాలను పౌర అవసరాలవిగా పేర్కొంది. అవి గుజరాత్‌లోని హజీరా, తమిళనాడులోని ట్యూటికొరిన్, మహారాష్ట్రలోని థాల్. గోదావరి ఒడ్డున ఉన్న మణుగూరు పేరు ఆ జాబితాలో లేదు.